పొయ్యి వెలిగించని మధ్యాహ్నం



వంటల ప్రసంగం అనగానే కొందరు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటారు. ఈరోజు వాటితో అంత పని పడదు. నేను చెప్పబోయే దానికి పొయ్యి అక్కర్లేదు, మూకుడు అక్కర్లేదు, తాలింపు అసలే అక్కర్లేదు. ఒక వెడల్పాటి పళ్లెం, ఒక చాకు, ఒక చెంచా చాలు. ఇక రెండు డబ్బాలు. ఒకదాంట్లో ఉడికిన గింజలు, రెండోదాంట్లో చేప.

డబ్బాలో చేప అనగానే రేడియో కట్టేయబోతున్నవాళ్లు కాస్త ఆగండి. నేనూ మీ బాపతే. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని. మాకు చేపంటే పొద్దున్నే గుమ్మంలోకి గంప రావాలి. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడాలి, కన్ను మెరుస్తోందో లేదో చూడాలి, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేవాలి. ఆ తర్వాతే బేరం. ఇక మా అత్తగారైతే డబ్బా చేప అనగానే మొహం తిప్పేసుకునేవారు. "చచ్చి ఎన్నాళ్లయిందో తెలీని చేపని ఎలా తింటారే?" అనేవారు. అలా అంటూనే నిరుడు పెట్టిన ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టేవారు. ఆ సంగతి అప్పట్లో నాకూ తట్టలేదు లెండి.

నాకు ఈ వంటకం తెలిసింది ఇటలీలో. మా అమ్మాయి ఫ్లారెన్స్‌లో చదువుకునే రోజుల్లో ఒక ఆగస్టు నెలలో దాని దగ్గరికి వెళ్లాను. యూరప్ కదా, చలిగా ఉంటుందని రెండు స్వెట్టర్లు పట్టుకెళ్లాను. అవి పెట్టె దాటి బయటికి రాలేదు. ఫ్లారెన్స్ కొండల మధ్య పళ్లెంలా ఉంటుంది, ఎండాకాలం గాలి కదలదు. అమ్మాయి గది పెంకుల కింద పై అంతస్తులో. మధ్యాహ్నం రెండింటికి గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది. ఆగస్టు 15కి వాళ్లకి ఫెర్రగోస్తో అని పెద్ద పండగ. ఆ రోజుల్లో ఊరు ఊరంతా సముద్రానికో కొండలకో వెళ్లిపోతుంది, కొట్లు చాలావరకు మూసేస్తారు. నేను అలవాటు కొద్దీ అన్నం వండుదామని గిన్నె అందుకున్నాను.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, ఇప్పుడు పొయ్యి వెలిగించకు. రాత్రిదాకా గది చల్లారదు" అంది అమ్మాయి.

"మరి తినడానికి?"

"కింద బామ్మ పిలిచింది. తొన్నో ఎ ఫజోలి అట."

తొన్నో అంటే ట్యూనా చేప, ఫజోలి అంటే చిక్కుడు జాతి గింజలు. పేరులోనే వంటంతా ఉంది. ఫ్లారెన్స్ ఉన్న తోస్కానా ప్రాంతం వాళ్లని మిగతా ఇటలీ వాళ్లు 'మంజఫజోలి' అని ఏడిపిస్తారు, అంటే గింజలు మేసేవాళ్లని. వీళ్లు దానికి ఏమీ అనుకోరు. చలికాలంలో ఆ గింజల్ని గాజు కూజాలో నీళ్లు, నూనెతో పోసి, ఆరిపోతున్న నిప్పుల మీద రాత్రంతా మగ్గనిచ్చే పద్ధతి వాళ్లది. ఎండాకాలం అంత ఓపిక ఎవరికీ ఉండదు. అప్పుడు డబ్బానే గతి.

ఆ కింద బామ్మ వయసు ఎనభై పైమాటే. కిటికీ తలుపులు మూసేసి, ఆ చీకట్లోనే బల్ల దగ్గర కూర్చుని చేసింది. నాకు ఇటాలియన్ రాదు, ఆవిడకి అది తప్ప మరోటి రాదు. అందుకే నేను చేతుల్ని చూశాను. వంట నేర్చుకోవాలంటే మాటల కన్నా అదే మేలు.

ముందు ఎర్ర ఉల్లిపాయని కాగితమంత పల్చగా తరిగింది. తరిగి, చల్లటి నీళ్లలో వేసి, అందులో ఒక చెంచాడు ద్రాక్ష వెనిగర్ పోసి పక్కన పెట్టింది. తర్వాత గింజల డబ్బా తెరిచి జల్లెడలోకి వంచింది. గింజలతోపాటు చిక్కటి జిగురులాంటి నీళ్లు దిగాయి. కుళాయి కింద పెట్టి కడిగింది. ఎలాగనుకున్నారు? మనం బియ్యం కడిగినట్టు చేత్తో నలిపి కాదు. జల్లెడని కొద్దికొద్దిగా కుదుపుతూ, నీళ్లు తేటగా దిగేదాకా. తెల్లటి కన్నెల్లీని గింజలు అవి, మన రాజ్మా ఆకారంలోనే ఉంటాయి గానీ తోలు చాలా పల్చన. గట్టిగా వేలు తగిలితే చిట్లిపోతాయి. అన్నిటినీ పళ్లెంలో పరిచి, వాటి మీద ఆలివ్ నూనె ధారగా పోసింది. ఉప్పు, దంచిన మిరియాలు చల్లింది. చల్లి, చేతులు తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

అంతే. ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యలేదు. నేను ఆగలేక చేప డబ్బా అందుకోబోతే నా మణికట్టు పట్టుకుని ఆపింది. గింజలు చప్పిడి సరుకు. ఉప్పు, కారం, నూనె పట్టడానికి వాటికి టైం ఇవ్వాలి. అన్నీ కలిపేసి వెంటనే తింటే నోట్లో దేని రుచి దానిదే. కాసేపు ఊరనిస్తే గింజ లోపలికి ఉప్పు, నూనె దిగుతాయి. ఊరగాయ పెట్టే జాతికి ఇది విడమరచి చెప్పాలా!

చేప ఆ తర్వాతే వేసింది. డబ్బా మూత రింగు పట్టుకుని మెల్లగా, తన వైపు కాకుండా అవతలికి లాగింది. ఆ మూత అంచు బ్లేడుతో సమానం, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. లోపల గులాబీ రంగు కండ పెచ్చులు పెచ్చులుగా నూనెలో మునిగి ఉంది. దాన్ని మెదపలేదు, కలపలేదు. పెద్ద పెద్ద ముక్కలుగా వేళ్లతో విడదీసి గింజల మీద పేర్చింది, డబ్బాలో నూనె రెండు చెంచాలు పైన పోసింది. ఉల్లిపాయల్ని నీళ్లలోంచి పిండి, పైన జల్లింది. చప్పటి రొట్టె పక్కన పెట్టింది. తోస్కానా వాళ్ల రొట్టెలో ఉప్పుండదు, ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మొదటి ముక్కకే అన్నంలో ఉప్పు మర్చిపోయినట్టు అనిపిస్తుంది. చేపలో ఉన్న ఉప్పు దానికి సరిపోతుంది.

నీసు వాసన వస్తుందని నేను ముందే ముక్కు ముడిచాను. రాలేదు. వెనిగర్ నీళ్లలో నానిన ఉల్లిపాయ ఘాటు పోయి, కరకరలాడుతూ, కాస్త తియ్యగా ఉంది. గింజలు వెన్న. చేప కోడికండలా పొరలు పొరలుగా విడిపోతోంది. ఎండలో మాడిన కడుపుకి చల్లగా దిగింది.

అలా తింటూ ఉంటే మనసులో మెదిలింది మన శ్రీరామనవమి వడపప్పు. నానిన పెసరపప్పు, కొబ్బరి, మామిడికాయ తురుము, పచ్చిమిరప, నిమ్మకాయ. పొయ్యి ఎరగని పప్పు వంటకం మనకీ ఉంది కదా, అదే మండుటెండల కాలంలో! ఇక్కడే నేను పప్పులో కాలేశాను. ఆ కథ చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ ప్రసంగం విని ఎవరైనా అదే పని చేస్తే పాపం నాది.

కాకినాడ తిరిగొచ్చాక ఈ వంటకం చేద్దామనుకున్నాను. కన్నెల్లీని డబ్బాలు దొరకలేదు. ఇంట్లో ఎర్ర రాజ్మా ఉంది. వడపప్పు లాగే నానబెడితే సరిపోతుందనుకుని రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకి గింజలు బాగా ఉబ్బాయి. మెత్తబడ్డాయో లేదో చూద్దామని అరడజను నోట్లో వేసుకుని నమిలాను. రెండు గంటలు తిరక్కుండానే మొదలయ్యాయి వాంతులు. మధ్యాహ్నం వరకు నేలకి అంటుకుపోయాను. డాక్టరుగారు అడిగి తెలుసుకుని, "రాజ్మా పచ్చిగా తిన్నారా?" అని నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

రాజ్మా గింజల్లో, ముఖ్యంగా ఎర్రవాటిలో, ఫైటోహీమగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. నాలుగైదు పచ్చి గింజలు చాలు మనిషిని పడుకోబెట్టడానికి. నానబెట్టినంత మాత్రాన అది పోదు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ కనీసం 10 నిమిషాలు మరగాలి. అరగంట మరిగితే ఇంకా నిశ్చింత. ఇంకో ప్రమాదం కూడా ఉంది. సన్నటి సెగ మీద, మరగకుండా వెచ్చవెచ్చగా ఉడికిస్తే ఆ విషం తగ్గడానికి బదులు పెరుగుతుంది కూడా. పెసరపప్పు నానబెట్టి తినొచ్చు, రాజ్మా తినకూడదు. ఒక పప్పుకి చెల్లింది ఇంకో పప్పుకి చెల్లదు.

మరి ఆ బామ్మ వండలేదు కదా అంటారా? అదే ఇందులో కిటుకు. ఆవిడ వండలేదు గానీ వంట ఎప్పుడో అయిపోయింది. డబ్బాలోనే అయిపోయింది. నానిన గింజల్ని కొద్దిగా ఉడికించి, ఉప్పునీళ్లతో డబ్బాలో నింపి, మూత బిగించి, అప్పుడు ఆ డబ్బాతో సహా పెద్ద ఆవిరి పాత్రలో పెట్టి 120 డిగ్రీల దాకా వేడి చేస్తారు. మన ఇంటి కుక్కర్ ఈల వేసేటప్పుడు లోపల ఉండే వేడి దాదాపు అంతే. చేపదైతే మరీ విశేషం. ట్యూనాని ముందు ఆవిరి మీద ఉడికించి, తోలూ ముళ్లూ తీసి, కండని డబ్బాలో కూర్చి, నూనె పోసి, మూత వేసి మళ్లీ అదే వేడికి గురి చేస్తారు. అంటే ఆ చేప రెండుసార్లు ఉడికింది. వండని వంటకం అని మనం పేరు పెట్టాం గానీ, మన వంటింట్లో ఇంతగా ఉడికిన చేప ఇంకోటి ఉండదు.

ఆ వేడి 120 డిగ్రీలే ఎందుకంటే, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు మామూలుగా మరిగే నీళ్లలో చావవు. గాలి చొరబడని చోట అవే విజృంభిస్తాయి. అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. మూత ఉబ్బిన డబ్బా, అతుకు దగ్గర సొట్ట పడిన డబ్బా, తెరవగానే చిమ్మే డబ్బా ఉంటే రుచి కూడా చూడకుండా పారేయండి. కుక్కకి కూడా పెట్టకండి.

ఈ విద్య కనిపెట్టిన నికొలా అపేర్ ఫ్రాన్సులో మిఠాయిలు చేసే మనిషి. సూక్ష్మజీవులంటే ఏమిటో ప్రపంచానికి తెలియని రోజులు. ఆయన పదార్థాల్ని గాజు సీసాల్లో నింపి, బిరడా బిగించి, సీసాల్ని మరిగే నీళ్లలో పెట్టేవాడు. పాడవడం లేదని కళ్లతో చూశాడు గానీ ఎందుకు పాడవడం లేదో ఆయనకీ తెలీదు. దానికి ఫ్రెంచి ప్రభుత్వం 1810లో 12,000 ఫ్రాంకుల బహుమానం ఇచ్చింది. కారణం శాస్త్రవేత్త పాస్టర్ చెప్పింది ఆ తర్వాత యాభై ఏళ్లకి. అదే 1810లో ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ గాజు బదులు రేకు డబ్బాకి పేటెంటు తీసుకున్నాడు. నాకు నవ్వొచ్చే సంగతేమిటంటే డబ్బా వచ్చింది గానీ డబ్బా తెరిచే పనిముట్టు నలభై ఏళ్ల పైన రాలేదు. సిపాయిలు, నావికులు ఉలి, సుత్తి పట్టుకుని అన్నం తినేవారు.

ఇటలీలో ట్యూనా సంగతి ఇంకా రంగులున్న కథ. సిసిలీ పక్కన ఫావిన్యానా అనే చిన్న ద్వీపం ఉంది. వేసవికి ముందు అటుగా వచ్చే ట్యూనా గుంపుల్ని పట్టడానికి అక్కడ సముద్రంలోనే వలలతో గదులు కట్టేవారు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తరుముతూ. ఆ వేటకి పెద్దని 'రయీస్' అని పిలిచేవారు. ఆశ్చర్యపోకండి, హైదరాబాదు వాళ్లు డబ్బున్న మనిషిని 'రయీస్' అనేది ఆ అరబ్బీ మాట నుంచే. సిసిలీని ఒకప్పుడు అరబ్బులు ఏలారు, మాట అలా మిగిలింది. 1874లో ఇగ్నాజియో ఫ్లోరియో అనే వ్యాపారి ఆ ద్వీపంతో పాటు పక్క ద్వీపాల్నీ కొనేశాడు. అంతకుముందు ట్యూనా ఎక్కువగా ఉప్పులో ఊరి అమ్ముడయ్యేది. ఆయన కార్ఖానాలో దాన్ని ఉడికించి నూనె పోసి రేకు డబ్బాల్లో పెట్టడం మొదలైంది. ఆ కార్ఖానా ఇప్పుడు మ్యూజియం.

గింజల సంగతికి వస్తే, ఈ తెల్ల చిక్కుళ్లు ఇటలీ సొంతం కావు. అవి కొలంబస్ తర్వాత అమెరికా నుంచి వచ్చినవి. అంతకుముందు ఫజోలి అంటే ఇటలీ వాళ్లకి ఏమిటో తెలుసా? నల్ల కన్ను ఉండే మన అలసందలు. కోస్తాలో బొబ్బర్లంటాం. రోములో కొలొన్నా వారి చిత్రశాలలో అన్నీబాలె కర్రాచ్చి 1580ల ప్రాంతంలో వేసిన బొమ్మ ఒకటుంది. ఒక కూలీ గింజల గిన్నె ముందు కూర్చుని, చెంచా నోటి దాకా తెచ్చి, మనల్ని చూసి ఆగిపోయాడు. చెంచాలోంచి రసం కారుతోంది. బల్ల మీద రొట్టె, కాడలతో ఉల్లిపాయలు. ఆ ఉల్లిపాయలు, గింజలు చూస్తే ఫ్లారెన్స్ బామ్మ వంటలో సగం అక్కడే ఉంది, చేప ఒకటి తక్కువ.

మరి మన ఊళ్లో ఇది చెయ్యాలంటే? డబ్బా గింజలు దొరికితే సరే. ఒక డబ్బా 400 గ్రాములుంటే నీళ్లు వంచాక 240 గ్రాముల గింజలు మిగులుతాయి, ఇద్దరికి సరిపోతాయి. నీళ్లు వంచి కడగడం వల్ల ఉప్పు సుమారు 40 శాతం పోతుంది, బీపీ ఉన్నవాళ్లు ఆ పని మానకండి. గింజలు దొరక్కపోతే, పొద్దున్నే చల్లపూట అలసందలు ఉడికించి ఉంచుకోండి. అప్పుడు ఇది వండని వంటకం కాదు, మధ్యాహ్నం వండని వంటకం. ఆలివ్ నూనె లేకపోతే నువ్వుల నూనె నయం, వేరుశనగ నూనె పచ్చిగా బాగోదు. వెనిగర్ బదులు నిమ్మకాయ. కొత్తిమీర వేసుకోవచ్చు. టమాటా వేస్తే నీరు దిగుతుంది, నాకు ఇష్టం లేదు.

చేప విషయంలో నూనెలో ఉన్న డబ్బానే కొనండి. నీళ్లలో పెట్టినది ఎండిపోయి, దూదిలా ఉంటుంది. ట్యూనాని మన మత్స్యకారులు సూర చేప అంటారు. అది లేకపోతే కవ్వలు, అదే సార్డీన్ డబ్బా. ముళ్లతో సహా తినేయొచ్చు, ఆ వేడికి ముల్లు సుద్దలా నలిగిపోతుంది. వంద గ్రాముల్లో 380 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. లేదంటే కానాగంత, అంటే మాకరెల్. ఆ పేరు వినగానే ఒక ముచ్చట గుర్తొస్తుంది. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలకి బొమ్మలు వేయించి, ఇక్కడి వాళ్లు పిలిచే పేర్లతో 1803లో పుస్తకం అచ్చు వేశాడు. దాన్ని చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే 1816లో ఈ చేపకి శాస్త్రీయ నామం పెట్టాడు, కనగుర్త అని. ప్రపంచంలో ఏ మూల ఏ శాస్త్రవేత్త ఈ చేప పేరు రాసినా మన జాలరి మాటే రాయాలి.

గర్భిణులకి ఒక జాగ్రత్త. ట్యూనాలో పాదరసం కొంత ఉంటుంది, పెద్ద చేపలో ఎక్కువ. ఆల్బకోర్ అని రాసి ఉన్న తెల్ల ట్యూనాలో, చిన్న రకమైన స్కిప్‌జాక్ కన్నా దాదాపు మూడింతలు. అమెరికా ఆహార సంస్థ మాట ప్రకారం స్కిప్‌జాక్ వారానికి రెండు మూడుసార్లు ఫర్వాలేదు, ఆల్బకోర్ ఒక్కసారికి మించొద్దు. కవ్వలకి ఆ భయం లేదు. డబ్బా తెరిచాక మిగిలింది గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో ముగించండి. కలిపిన పళ్లెం మన ఎండల్లో గంటకి మించి బయట ఉంచొద్దు. ట్యూనా వెచ్చగా ఉండిపోతే హిస్టమిన్ పుడుతుంది. నాలిక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే అదే, ఉమ్మేయండి. మళ్లీ వేడి చేసినా అది పోదు.

మొన్న వేసవిలో అమ్మాయి వచ్చినప్పుడు నాలుగు చేప డబ్బాలు తెచ్చింది. మధ్యాహ్నం కరెంటు లేదు. ఇంట్లో అలసందలు ఉడికించి ఉన్నాయి. బామ్మ చేసినట్టే అన్నీ వరసగా చేశాను, ఉల్లిపాయ నీళ్లలో నానబెట్టడంతో సహా. అత్తగారు దూరంగా మంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ చూస్తున్నారు. ఏమీ అడగలేదు. అమ్మాయి చిన్న గిన్నెలో పెట్టి తీసుకెళ్లి ఇచ్చింది. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. రెండో చెంచా కూడా వెళ్లింది. మూడోది కూడా.

గిన్నె ఖాళీ చేసి, నా వైపు చూసి, "చేపకేం, బాగానే ఉంది. ఉల్లిపాయనే పాడు చేశావ్, ఘాటంతా కడిగి పారేశావ్" అన్నారు.